దేవతలు గగనయాత్రికులా?

దేవతలు కలరా, లేరా యను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. దానికి భక్తులొక తీరునను, తార్కికులొక తీరునను, నాస్తికులు వేఱొక తీరునను సమాధానములు చెప్పుచు వచ్చిరి. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున నాలుగవ సమాధానమొకటి లోకమున వ్యాపించినది. దేవతలు నిజముగనే యుండిరట. అయితే వారు దేవతలు కారట. అన్యగ్రహములనుండి యానములెక్కి భూమికి దిగివచ్చిన జీవులట. వారి విద్యను, యంత్రబలమును చూచి విస్మితులైన మన పూర్వులు వారిని దేవతలని కొలిచిరట. ఈ మాటను పుస్తకములందు చదివినవారును, చలనచిత్రములందు చూచినవారును మీలో పెక్కురుందురు.

ఈ వాదమున మూడు ప్రశ్నలు పెనవేసికొని యున్నవి. దేవతలు కలరా యనునది మొదటిది. పూర్వులు దేవతలని పిలిచినవారు ఆకాశమునుండి వచ్చిన యాత్రికులా యనునది రెండవది. వారెవరైనను మన పూజకు తగుదురా యనునది మూడవది. మొదటిది తత్త్వశాస్త్రమునకు చెందినది. రెండవది చరిత్రకు చెందినది. మూడవది ధర్మమునకు చెందినది. చరిత్రకారుడు సాక్ష్యము తేగలిగినది రెండవదానికి మాత్రమే. కాని ఆ సాక్ష్యము మూడవ ప్రశ్నపై గూడ కొంత వెలుగు ప్రసరింపజేయును. కావున నేను రెండవ ప్రశ్నతో నారంభించి మూడవదానిని చేరుదును.

దేవతలు ఒకప్పుడు మనవంటి ప్రాణులే యను తలంపు క్రొత్తది కాదు. క్రీ. పూ. 300 ప్రాంతమున యూహెమెరస్ అను గ్రీకు రచయిత యుండెను. ఇతడు మాసిడోనియా రాజగు కసాండరుని కొలువులోనివాడు. ఇతడొక గ్రంథమున హిందూమహాసముద్రములోని ఒక ద్వీపమునకు తాను పోయితిననియు, అచ్చటి దేవాలయములో బంగారు స్తంభము నొకదానిని చూచితిననియు వ్రాసెను. ఉరానస్, క్రోనస్, జ్యూస్ అనువారు పూర్వకాలపు రాజులనియు, వారి కార్యములు ఆ స్తంభముపై చెక్కబడి యుండెననియు, ప్రజలే వారిని పిమ్మట దేవతలను చేసిరనియు అతని కథనము. ఆ ద్వీపమును అతడు తక్క వేఱెవ్వరును చూచినవారు లేరు.

ఆ కథ ఆ కాలముననే పుట్టుటకు కారణము లేకపోలేదు. అలెగ్జాండరు బ్రదికి యుండగనే దైవసత్కారములు పొందెను. క్రీ. పూ. 307 లో ఏథెన్సు పౌరులు ఆంటిగోనస్, డెమెట్రియస్ అను ప్రభువులను రక్షకదేవతలని కీర్తించి వారికి పూజావిధు లేర్పఱచిరి. కన్నుల యెదుట రాజులు దేవతలగుచుండగా, ప్రాచీనదేవతలును రాజులే యని తోచుట సహజము. తరువాతి కాలమున లాక్టాన్షియస్ మొదలగు క్రైస్తవ రచయితలు ఈ వాదమునే చేపట్టి, గ్రీకు రోమక దేవతలు మర్త్యులు గాన పూజార్హులు కారని ఖండించిరి. దేవతలను మానవచరిత్రలోనికి దింపినచో వారి పూజ్యత నిలువదని ఆ నాడే తేలినది. ఈ సంగతి మనము గుర్తుంచుకొనవలెను.

ఇక మన కాలమునకు వత్తము. 1957 లో స్పుత్నిక్ ఆకాశమున కెగసెను. 1961 లో గగారిన్ భూమిని చుట్టివచ్చెను. 1968 లో స్విట్జర్లండు దేశస్థుడగు ఎరిక్ వాన్ డానికెన్ అను హోటలు నిర్వాహకుడు జర్మను భాషలో నొక పుస్తకము ప్రకటించెను. భవిష్యత్తును గూర్చిన జ్ఞాపకములని దాని పేరున కర్థము. ఆంగ్లానువాదము దేవతల రథములా యను ప్రశ్నయే పేరుగా వెలువడినది. ఆ మఱుసటి యేడే మానవుడు చంద్రునిపై కాలుమోపెను. పుస్తకము అనేక భాషలలోనికి పోయెను. రాజుల యుగమున దేవతలు రాజులైరి. రాకెట్ల యుగమున రాకెట్లు నడుపువారైరి. కాలము మాఱినది గాని యుక్తి మాఱలేదు.

అట్టి రాక అసంభవమని ముందుగనే త్రోసివేయుట న్యాయము కాదు. 1966 లో కార్ల్ సాగన్, ష్క్లోవ్‌స్కీ యను ఖగోళవేత్తలు కలిసి ప్రకటించిన గ్రంథమున, అన్యలోకవాసులు ఎన్నడో భూమికి వచ్చియుండు నవకాశమును విచారింపదగినదిగనే యెంచిరి. అయితే పురాణగాథలు మాత్రమే దానికి చాలవనియు, తిరుగులేని నిదర్శనము కావలెననియు హెచ్చరించిరి. ఆ నిదర్శనము దొరకినదా? మూడు తావులు పరిశీలింతము.

మొదటిది మెక్సికో దేశములోని పాలెంకె. 1952 లో ఆల్బెర్టో రూస్ అను పురావస్తుశాస్త్రజ్ఞుడు అచ్చటి దేవాలయము క్రింద నొక రాజసమాధిని తెఱచెను. శవపేటికపై చెక్కిన మూతబండ యుండెను. అందలి మూర్తి యంత్రమును నడుపుచున్న గగనయాత్రికుడని డానికెన్ వ్యాఖ్యానించెను. కాని మాయా జాతివారి లిపిని పండితులు క్రమముగా చదువ నేర్చిరి. ఆ సమాధి పకాల్ అను రాజుది. అతడు 615 లో సింహాసన మెక్కి 683 లో మరణించెను. బండపై నున్నది అతని మరణమును, పునర్జన్మమును తెలుపు చిత్రము. క్రింద పాతాళముఖము, నడుమ విశ్వవృక్షము, పైన దివ్యపక్షి. ఈ చిహ్నములన్నియు మాయా శిల్పములందు మఱి పెక్కుచోట్ల కానవచ్చునవే. యంత్రమని తోచినది, వారి భాష రానివారికి తోచిన భ్రాంతి.

రెండవది ఈజిప్టులోని గీజా పిరమిడ్డు. మనుష్యులకు అంత బండలు మోయుట సాధ్యమా యని యీ వాదుల ప్రశ్న. 2013 లో ఎఱ్ఱసముద్రతీరమున వాదీ అల్-జర్ఫ్ అనుచోట, పియేర్ తల్లే యను ఫ్రెంచి పండితుని బృందమునకు కొన్ని పపైరసు పత్రములు దొరకినవి. వ్రాతతో లభించిన పపైరసులలో ఇవియే అతి ప్రాచీనములు. అందు మెరెర్ అను నొక అధికారి దినచర్య యున్నది. ఖూఫూ రాజు కాలమున అతడు తన మనుష్యులతో తురా గనులనుండి సున్నపుఱాళ్లను పడవల కెక్కించి నైలు నదిమీదుగా గీజాకు చేర్చుచుండెను. ఏ దినమున బయలుదేఱెనో, ఏ రాత్రి యెచ్చట విడిసెనో అందు వ్రాసియున్నది. 1990 లో పిరమిడ్ల దాపుననే కార్మికుల సమాధులు బయల్పడినవి. విఱిగి మరల అతికిన యెముకలు వారి యస్థిపంజరములలో కానవచ్చినవి. ఆ బండలను మోసినదెవరో చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

మూడవది మన దేశపు సంగతి. పురాణములలోని విమానములు నిజమైన యాకాశయంత్రములనుటకు వైమానికశాస్త్రమను సంస్కృతగ్రంథమును కొందఱు ప్రమాణముగ చూపుదురు. అది భరద్వాజ మహర్షి కృతియని ప్రచారము. బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థకు చెందిన ఐదుగురు విద్వాంసులు 1974 లో దానిని పరీక్షించి యొక వ్యాసము ప్రకటించిరి. ఆ గ్రంథమును ఆనేకల్ నివాసియగు పండిత సుబ్బరాయశాస్త్రి చెప్పగా వ్రాసికొనిరనియు, అది 1904 కు పూర్వముది కాజాలదనియు, దాని సంస్కృతము వైదికము కాదనియు, అందు వర్ణించిన యంత్రము లెగురజాలవనియు వారు తేల్చిరి. మన భాషలో దేవాలయశిఖరమును, ఆకాశయానమును ఒక్క విమానశబ్దమే చెప్పును. పేరొక్కటైనంత మాత్రమున శిఖరము యంత్రము కానేరదు.

శ్రోతలారా! ఇవి పండితులకు సంబంధించిన చిన్న విషయములని తలపకుడు. ఈ వాదమువలన నష్టపడువారు కలరు. పాలెంకె శిల్పి, గీజా కూలీ, తమ చేతులతో చేసిన పనికి కర్తృత్వమును కోల్పోవుచున్నారు. దక్షిణాఫ్రికాఖండమున మహాజింబాబ్వే యను రాతికోట శిథిలము కలదు. 1871 లో అచ్చటికి పోయిన కార్ల్ మౌఖ్ అను జర్మను యాత్రికుడు అది షీబా రాణికి సంబంధించిన కట్టడమని యూహించెను. నల్లవారు కట్టియుందురని నమ్ముట వలసపాలకులకు ఇష్టము లేదు. 1905 లో రాండల్ మెకైవర్, 1929 లో గెర్‌ట్రూడ్ కేటన్-థాంసన్ త్రవ్వి చూచి అది ఆఫ్రికనుల నిర్మాణమే యని స్థాపించిరి. అయినను వలసపాలకులు చాలకాలము పాత కథనే ప్రోత్సహించిరి. షీబా రాణి పోయి గగనయాత్రికుడు వచ్చినను అన్యాయము మాత్రము ఒక్కటే. ఐరోపా మహామందిరములను ఎవరు కట్టిరని సందేహించువారు అరుదు. ఈజిప్టు, అమెరికా, భారతదేశముల కట్టడములకే యీ సందేహములు!

మన యోరుగల్లు ప్రాంతమునందలి రామప్పగుడిని చూడుడు. 1213 లో కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు దానిని కట్టించెనని శాసనము చెప్పుచున్నది. శిఖరమునకు వాడిన యిటుకలు నీటిపై తేలునంతటి తేలికవి. ఆ శాసనమే లేకున్నచో, ఆ యిటుకలను చూపి ఏమేమి కథలు పుట్టియుండెడివో! గుడిలోని దైవము రామలింగేశ్వరుడు. గుడికి వచ్చినది శిల్పి పేరని జనశ్రుతి. దైవమును కొలుచుచునే చేసినవానిని స్మరించుట మన ప్రజలకు విరుద్ధముగ తోచలేదు.

ఇక మూడవ ప్రశ్న. ఎన్నడో యెవరో వచ్చిరనియే యనుకొందము. వారు పూజార్హులా? ఇందుకు రెండు చారిత్రకోదాహరణములు కలవు. 1779 జనవరిలో కెప్టెన్ కుక్ నౌకలు హవాయి ద్వీపమున కేలాకెకువా ఉపసాగరమును చేరెను. అది లోనో దేవుని యుత్సవకాలము. అచ్చటివారు అతనికి గొప్ప మర్యాదలు చేసిరి. అతనిని లోనో యని భావించిరని సాలిన్స్ అను పండితుడు వాదించెను; అట్లు భావించిరనుట యూరోపీయులు తమకై కల్పించుకొన్న గాథ యని సింహళదేశీయుడగు ఒబెయెసెకరె 1992 లో ఖండించెను. ఎవరి వాదము నిజమైనను, పిమ్మట జరిగినది స్పష్టము. పోయిన పడవకై తమ రాజును బంధింపజూచిన కుక్‌ను ఆ ప్రజలు ఫిబ్రవరి 14 న చంపివైచిరి. ఫిరంగులును, తెరచాపలును అతనిని కాపాడలేకపోయినవి. అధర్మమునకు దిగినవానికి ఆ జనులు తల వంచలేదు.

రెండవది పసిఫిక్ సముద్రములోని తన్నా ద్వీపము. అచ్చట జాన్ ఫ్రమ్ అను పురుషుని పేర నొక మతము వెలసినది. 1942 లో అమెరికా సేనలు విస్తారమైన సామగ్రితో ఆ ప్రాంతమునకు వచ్చుటతో అది బలపడినది. ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 15 న వెదురు తుపాకులతో అచ్చటివారు కవాతు చేయుదురు. గగనయాత్రికవాదులు దీనినే తమకు దృష్టాంతముగ చెప్పుదురు. కాని ఆ ఉద్యమము సేనలు రాకమునుపే మొలకెత్తినది. క్రైస్తవబోధకులు నిషేధించిన నాట్యములను, ఆచారములను మరల నిలుపుకొనవలెనను పట్టుదల దాని మూలము. విమానమును చూచి నోరు తెఱచిన జనులు కారు వారు. తమ బ్రతుకును తాము కాపాడుకొనజూచినవారు.

మన పూర్వులును బలమును, పూజ్యతను వేఱుగనే చూచిరి. దేవతకు శరీరము లేదనియు, దేవత తినుట, సంతోషించుట, ఫలమిచ్చుట యనునవి లేవనియు మీమాంసాభాష్యకారుడగు శబరస్వామి వాదించెను; ఆయన వేదమును పరమప్రమాణముగ నమ్మినవాడు! శంకరాచార్యులు దానిని కాదని దేవతలకు విగ్రహము కలదని సమర్థించిరి. బౌద్ధులును, జైనులును దేవతలు కలరని యొప్పుకొనిరి. కాని వారు దీర్ఘాయువులైనను కర్మబద్ధులనియు, ముక్తికి శరణ్యులు కారనియు చెప్పిరి. అమరావతి స్తూపపు శిల్పములలో నొక చక్రఫలకము నేటికిని చెన్నపట్టణపు ప్రదర్శనశాలలో నున్నది. అందు దేవతలు బుద్ధుని భిక్షాపాత్రను తలపై మోసి, సంబరముతో స్వర్గమునకు కొనిపోవుచున్నారు. ఆకాశమున నుండువారు భూమిపై నడచిన యొక భిక్షువు పాత్రకు మ్రొక్కుచున్నారు! ఎత్తున నుండుట పూజ్యత కాదని మన కృష్ణాతీరపు శిల్పి యెఱుగును.

కావున గగనయాత్రికవాదము దేవతల యస్తిత్వమును నిరూపింపదు, ఖండింపదు. దేవుడు కలడని నమ్మువాడు నమ్మునది రాకెట్టు నడుపువానిని గాదు. లేడనువాడు లేడనునదియు వానిని గాదు. ఆ ప్రశ్న ఎక్కడ నున్నదో అక్కడనే నిలిచియున్నది. ఈ వాదము సాధించినది ఒక్కటే: భక్తునికి దైవమును లేకుండ చేసి, శ్రామికునికి కీర్తిని లేకుండ చేసినది.

రేపు నిజముగనే యొకడు నక్షత్రమండలమునుండి మన ముంగిట దిగినచో నేమి చేయవలెను? అతిథిని దైవసమానుడుగ నాదరించు సంప్రదాయము మనది. కాళ్లకు నీళ్లిత్తము, అన్నము పెట్టుదము, అతని విద్యను వినయముతో నేర్చుకొందము. ఆ మర్యాద అతని యంత్రబలమును చూచి చేయునది కాదు. మన ధర్మమును బట్టి చేయునది. పూజ మాత్రము అతని నడవడిని చూచిన పిదప ఆలోచింతము.