ఆరో తరగతి పట్టీలోని పేర్లు

సంక్రాంతి సెలవులకు కొన్ని, వేసవి సెలవులకు కొన్నీ మా పల్నాటి ఊళ్ళలో పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాలు జరుగుతుంటాయి. బడి ప్రాంగణంలో షామియానా, గేటుకు ఫ్లెక్సీ, పాత గురువులకు శాలువాలు, మధ్యాహ్నం భోజనాలు. నడుమ ఒక్కొక్కరూ లేచి తాము ఏమైనదీ నాలుగు మాటల్లో చెప్పుకొంటారు. తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవాణ్ణి గనుక నన్నూ పిలుస్తుంటారు. శాలువాల సంగతి అటుంచి, ఆ నాలుగు మాటల కోసమే వెళ్తాను. అవన్నీ చరిత్రకు పనికివచ్చేవే. కాని ఎవరూ రాసిపెట్టరు.

అమెరికాలోని కథోలిక బడులకు ఈ విషయంలో మంచి అలవాటుంది. పూర్వ విద్యార్థుల పత్రికలో, బడి విడిచిన ఏడాది వారీగా, ఒక్కొక్కరి గురించి రెండు మూడు వాక్యాలు అచ్చువేస్తారు: పెళ్ళి, బిడ్డలు, కొత్త కొలువు, మరణం. జార్జ్‌టౌన్ ప్రెప్ 1789లో పుట్టిన బడి. అలాంటిచోట తాతముత్తాతల తరం నుంచీ కాగితం మీద ఒక వరుస దొరుకుతుంది. మనకు ఆ కాగితం లేదు. ఉన్నది అడ్మిషన్ రిజిస్టరు. దానితోనే పని జరగాలి.

కథోలిక బడులు మన ప్రాంతానికి వచ్చిన తీరు ముందు చెప్పుకోవాలి. పల్నాటి పాదిరి అనగానే చాలామందికి లూథరన్ మిషనరీ హయ్యర్ గుర్తుకొస్తాడు. 1842లో గుంటూరు చేరి, తరువాత గురజాల ప్రాంతంలో పనిచేసిన మనిషి. అది వేరే పాయ. కథోలికుల పాయ అంతకు ముందటిది. పద్దెనిమిదో శతాబ్ది ఆరంభంలో ఫ్రెంచి జెస్విట్ గురువులు పుంగనూరు, కృష్ణాపురం వైపు పనిచేశారు. కర్ణాటక మిషను అని దానికి పేరు. అక్కడ మతం పుచ్చుకొన్న రెడ్ల కుటుంబాలు కొన్ని, దండయాత్రల బాధ పడలేక ఉత్తరానికి కదిలి కృష్ణకు దక్షిణాన ఫిరంగిపురం, రెంటచింతల మొదలైన ఊళ్ళలో నిలిచాయని పెద్దలు చెప్పుకొంటారు. ఆ మిషను గురువుల్లో గాస్తోన్ కోర్దూ అనే ఆయన తెలుగునాట ఉండి తెలుగు, సంస్కృతం నేర్చి, సంస్కృతానికి లాటిను, గ్రీకు భాషలతో చుట్టరికం ఉందని 1767లో పారిస్ పండితులకు లేఖ రాశాడు. విలియం జోన్స్ ప్రసిద్ధ ఉపన్యాసం 1786 నాటిది. కోర్దూ లేఖ అచ్చయ్యేసరికి 1808 వచ్చింది, కీర్తి జోన్సుకు పోయింది. పండితుణ్ణి గనుక ఇక్కడ కాస్త ఆగాను, మన్నించండి.

1773లో పోపుగారు జెస్విట్ సభనే రద్దుచేశారు. మళ్ళీ ఊపు వచ్చింది పందొమ్మిదో శతాబ్ది చివర, లండనులో 1866లో పుట్టిన మిల్‌హిల్ సభ గురువులతో. ఫిరంగిపురం బాలయేసు దేవాలయం, థియోడర్ డిక్‌మన్ గురువు పేరు ఈ కాలానివే. గుడి పక్కన బడి, బడి పక్కన బోర్డింగు. 1928లో నెల్లూరు మేత్రాసనం, 1940లో దాని నుంచి గుంటూరు మేత్రాసనం ఏర్పడ్డాయి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా వచ్చినప్పుడు రెంటచింతల ఇటు వచ్చింది, ఫిరంగిపురం గుంటూరు జిల్లాలోనే మిగిలింది. చదువుల చరిత్రకు ఆ సరిహద్దుతో పనిలేదు. నరసరావుపేట రైలెక్కితే ఫిరంగిపురం ఎంతో దూరం కాదు.

ఇక రిజిస్టరు. పేరు, తండ్రి పేరు, ఊరు, మతం, కులం, పుట్టిన తేదీ, చేరిన తరగతి, విడిచిన తరగతి, విడిచిన కారణం. పుట్టుమచ్చలు రెండు. పుట్టిన తేదీలు జూన్ ఒకటి, జూలై ఒకటి అని గుంపులుగుంపులుగా ఉంటాయి. బడి తెరిచేనాటికి అయిదేళ్ళు నిండాలి గనుక అయ్యవారు వేసిన తేదీలవి. అందువల్ల మా ప్రాంతంలో ఒకే రోజున షష్టిపూర్తి చేసుకోవలసినవారు వేలల్లో ఉంటారు.

అసలు రుచి పేర్లలో ఉంది. కథోలికుల పేర్లు పునీతుల నుంచి వచ్చినవే, కాని పోల్చుకోలేనంతగా తెలుగైపోయాయి. ఇగ్నేషియస్ ఇన్నాసి అయి, ఇన్నయ్య, ఇన్నారెడ్డి అయ్యాడు. జోసెఫ్ జోజి, జోజిరెడ్డి. జేవియర్ శౌరి అయి, శౌరయ్య, బాలశౌరి అయ్యాడు. అమరకోశంలో శౌరి విష్ణుమూర్తి నామాల్లో ఒకటి! పీటర్ అంటే గ్రీకులో రాయి, కాబట్టి రాయప్ప. పౌలు అంటే లాటినులో చిన్నవాడు, కాబట్టి చిన్నప్ప, చిన్నపరెడ్డి. అరుళ్ అంటే తమిళంలో కృప, ఆ అరుళప్ప యోహాను. ఈ అనువాదాలు చేసిన పాదిరులకు, చేయించిన తమిళ, తెలుగు ఉపదేశులకు వ్యాకరణం బాగానే తెలుసు. మా తరగతిలో చిన్నప్ప అనే పిల్లవాడు పొడుగ్గా ఉంటే అందరూ నవ్వేవారు. రోములోని చిన్నవాడు ఎవరికి తెలుసు?

చిక్కు ఎక్కడ వస్తుందంటే, అందరి పేర్లూ ఇలా రెండు పుస్తకాల్లో ఒకటిగా ఉండవు. విచారణ గుడిలో జ్ఞానస్నానాల పుస్తకం ఒకటి, బడిలో రిజిస్టరు ఒకటి. రెడ్ల పిల్లవాడికి రెండింటా ఒకే పేరు ఉన్నా నష్టం లేదు. మాల, మాదిగ కుటుంబాల పిల్లవాడికి అలా కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు వర్తించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1970 నుంచి వారిని వెనుకబడిన తరగతుల సి విభాగంలో చేర్చి ఒక్క శాతం ఇచ్చారు. స్కాలర్‌షిప్పు, హాస్టలు సీటు, రేపటి కొలువు అన్నీ ఆ ఒక్క గడిలో రాసే మాట మీద ఆధారపడి ఉన్నప్పుడు, తండ్రి ఏం చేస్తాడు? గుడిలో మరియదాసైన పిల్లవాడు బడిలో మరో పేరుతో, మతం గడిలో హిందువుగా చేరతాడు. ఇందులో మోసం చూసేవారున్నారు. ఆకలిని, అంటరానితనాన్ని మతం మార్చలేనప్పుడు గడి ఒక్కటి మారితే చాలునన్న న్యాయంలోనే నాకు లోపం కనిపిస్తుంది.

దీని ఫలితం నలభై ఏళ్ళ తరువాత సమ్మేళనంలో కనిపిస్తుంది. ఒకసారి నా ఎదుటనే రిజిస్టరు చూసి పేర్లు చదివారు. ఒక పేరుకు ఎవరూ పలకలేదు. మూడోసారి చదివాక, వెనుక వరుసలోని ఆయన, "అది మన దాసుగాడి బడి పేరురా" అన్నాడు. ఆయనకు ఆ పేరు ఎలా తెలుసంటే, బోర్డింగులో పక్కపక్క చాపలు. ఆ దాసు తొమ్మిదో తరగతిలో పోయాడు. విడిచిన కారణం గడిలో దీర్ఘకాల గైర్హాజరు అని ఉంది.

బడి దాటి పైకి వెళ్ళినవారి జాడ సులువుగానే దొరుకుతుంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తొలి రోజుల్లోనే, పీఠాధిపతుల కోరికపై జెస్విట్ గురువులు విజయవాడలో ఆంధ్ర లయోలా కళాశాల నెలకొల్పారు. పదకొండేళ్ళ ఎస్సెస్సెల్సీ తరువాత ఒక్క ఏడాది పి.యు.సి. ఉండే కాలం అది. రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చింది 1969-70లో. పల్నాటి రైతు తన కొడుకును డాక్టరు చేయాలనుకొంటే లయోలా పి.యు.సి. పెద్ద మెట్టు. నకరికల్లు దగ్గరి కండ్లగుంటలో 1947లో పుట్టిన కోడెల శివప్రసాదరావు అక్కడ పి.యు.సి. చదివి, వైద్యుడై, కాశీలో ఎం.ఎస్. చేసి, నరసరావుపేటలో శస్త్రవైద్యుడయ్యారు. 1983లో శాసనసభకు వెళ్ళి, 2014లో రాష్ట్ర విభజన తరువాత తొలి సభాపతి అయ్యారు. 2019 సెప్టెంబరు 16న విషాదకరంగా మరణించారు. 1949లో పుట్టిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి కూడా బళ్ళారి సెయింట్ జాన్స్ బడి తరువాత లయోలాలో పి.యు.సి. చదివి, గుల్బర్గాలో వైద్యం పూర్తిచేశారు. 2004లో ముఖ్యమంత్రి అయి, 2009 సెప్టెంబరు 2న హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. ఇద్దరూ వైద్యులే, ఇద్దరూ ఎదురెదురు పక్షాలవారే. పాదిరుల కాలేజీ ఒక మతంవారిదో ఒక పార్టీవారిదో కాదనడానికి ఈ రెండు జీవితాలు చాలు.

కాని ఇవి పత్రికలు రాసిన జీవితాలు. మిగిలినవి ఎవరు రాయాలి? 1967 ఆగస్టులో నాగార్జునసాగరం నీళ్ళు కాలువలకు వదిలాక మా ప్రాంతంలో పొలంపని పెరిగింది. పత్తి, మిరప వచ్చాయి. మిరపకోతల కాలంలో ఆడపిల్లల హాజరు ఎలా పడిపోయేదో ఏ అయ్యవారి హాజరుపట్టీ అయినా చెబుతుంది. సంక్రాంతి తరువాత మొదలై, పరీక్షలనాటికి కొందరు రారు. నా తరంవారికి 1972-73 జై ఆంధ్ర ఉద్యమంలో కాలేజీలు మూతపడి ఏడాది పోయింది. స్తోమతున్నవాడు ఏడాది ఆగాడు. లేనివాడు చదువే ఆపేశాడు. ఆడపిల్లకు పెళ్ళయితే ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది. 1904లో గుంటూరు వచ్చిన జె.ఎమ్.జె. సిస్టర్ల వంటివారి బడుల్లో చదివిన ఆడవాళ్ళలో ఎందరో నర్సులు, టీచరమ్మలు అయ్యారు, కొందరు కన్యస్త్రీలూ అయ్యారు. కన్యస్త్రీ అయితే పేరూ మారవచ్చు. అలాంటి ఆమెను పాత స్నేహితురాలు ఏ పేరుతో వెతకాలి?

కాబట్టి సమ్మేళనాలు ఏర్పాటుచేసే పిల్లలు అడిగినప్పుడల్లా నేను ఒకటే చెబుతున్నాను (పిల్లలంటే యాభై దాటినవారే లెండి). పదో తరగతి పాసైనవారి పట్టీ పట్టుకొని ఫోన్లు చేయవద్దు. ఆరో తరగతిలో చేరినవారి పట్టీ తీయండి. ప్రధానోపాధ్యాయులను అడిగితే చూపిస్తారు. కథోలిక కుటుంబాల పిల్లలైతే విచారణ గురువుగారిని అడిగి జ్ఞానస్నానాల పుస్తకంతో పోల్చుకోండి. కాని రెండు పేర్లనూ బహిరంగంగా కలిపి చదవవద్దు, ఎవరి కొలువుకైనా ముప్పు రావచ్చు. పోయినవారి ఇంటికి ఒక్కరైనా వెళ్ళండి. ఆ మధ్య ఒక బృందం అలాగే చేసింది. అరవైకి పైగా పేర్లు తేలాయి, అంతకు ముందు పిలుపులు వెళ్ళింది ఇరవై ఎనిమిది మందికి. దొరికినవారిలో ఒకాయన పిడుగురాళ్ళ సున్నపుబట్టీల్లో పనిచేసి మానేశాడు. సమ్మేళనానికి రమ్మంటే, "నేను పాస్ కాలేదుగదా, రావచ్చునా?" అని అడిగాడట.