ఆల్-సీజన్ టైరు

ఆల్-సీజన్ టైరు అనగా ఎండలోను, వానలోను, తేలికపాటి మంచులోను మార్చకుండా ఏడాది పొడవునా వాడదగిన మోటారు వాహనపు టైరు. ఇది ప్రధానంగా ఉత్తర అమెరికాలో వ్యాప్తిలో ఉన్న రకము. 1977లో గుడ్‌ఇయర్ సంస్థ విడుదల చేసిన టియెంపో ఈ కోవలో మొదటిదిగా పేరు పొందినది. అంతకు ముందు మంచు కురిసే రాష్ట్రాలవారు చలికాలం రాగానే మంచు టైర్లు తొడిగించి, వసంతంలో మళ్ళీ విప్పించేవారు. ఈ శ్రమ తప్పించినందువలననే ఆల్-సీజన్ టైర్లు అంత త్వరగా ఆదరణ పొందినవి. పదిహేనేళ్ళు దాటిన ఎస్‌యూవీకి కొత్త టైర్లు కొనేవారు సాధారణంగా ఎంచుకునేది కూడా వీటినే.

నిర్మాణము, పరిమితులు

వేసవి టైరులోని రబ్బరు మిశ్రమం సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగినప్పుడు గట్టిపడి రోడ్డుపై పట్టు కోల్పోతుంది. చలికాలపు టైరు రబ్బరు మెత్తనిది. అది ఎండలో త్వరగా అరిగిపోతుంది. ఆల్-సీజన్ టైరు ఈ రెండింటికి మధ్య కుదిర్చిన రాజీ. దీని ట్రెడ్‌పై నీటిని బయటకు నెట్టే లోతైన గాళ్ళు, మంచును పట్టుకొనే సన్నని చీలికలు ఉంటాయి. దళసరి మంచుపై, గడ్డకట్టిన నీటిపై దీనిని నమ్ముకొనరాదు.

టైరు పక్కగోడపై ఉండే ‘ఎం+ఎస్’ అనే గుర్తు బురద, మంచు అని సూచిస్తుంది. అయితే ఈ గుర్తు ట్రెడ్‌లోని ఖాళీల ఆకృతిని బట్టి తయారీదారు వేసుకొనేది మాత్రమే, మంచుపై పరీక్షించి ఇచ్చినది కాదు. మూడు శిఖరాల పర్వతం, దానిలో మంచురేకు ఉన్న బొమ్మ 1999లో వచ్చినది. ఇది మంచుపై పట్టును పరీక్షించిన తరువాతనే లభిస్తుంది. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో చలికాలపు టైర్లు తప్పనిసరి చేసిన చట్టం 2008లో అమలుకు వచ్చినది. ఈ బొమ్మ లేని ఆల్-సీజన్ టైర్లు ఆ చట్టం ప్రకారం చెల్లవు.

కొలతలు చదువుట

కొత్త టైరు కొలత పాత టైరును చూసి నిర్ణయించరాదు. పాత వాహనం చేతులు మారి ఉంటుంది, మధ్యలో ఎవరో వేరే కొలత వేయించి ఉండవచ్చు. డ్రైవరు తలుపు చట్రంపై అతికించిన పట్టికలో ఉన్నదే సరియైన కొలత.

ఉదాహరణకు 1990ల ఎస్‌యూవీలలో తరచుగా కనిపించే పి235/75ఆర్15 105ఎస్ అనే గుర్తును తీసుకొనవచ్చు. టైరు వెడల్పు 235 మిల్లీమీటర్లు. పక్కగోడ ఎత్తు అందులో 75 శాతం. రిమ్ వ్యాసం 15 అంగుళాలు. కనుక టైరు మొత్తం వ్యాసం దాదాపు 733 మిల్లీమీటర్లు. దీని బదులు 225/70ఆర్15 వేస్తే వ్యాసం 696కు తగ్గుతుంది. అప్పుడు స్పీడోమీటరు 100 చూపేటప్పుడు నిజమైన వేగం 95 మాత్రమే ఉంటుంది.

105 అనేది బరువు సూచిక. ఒక్కొక్క టైరు 925 కిలోల వరకు మోయగలదని అర్థము. ‘పి’ అక్షరంతో మొదలయ్యే టైరును ఎస్‌యూవీకి వాడినప్పుడు ఈ సంఖ్యను 1.1తో భాగించి లెక్కించాలి. అంటే సుమారు 840 కిలోలే. ఎస్ అక్షరం గంటకు 180 కిలోమీటర్ల వేగ పరిమితిని తెలుపుతుంది. ధర తగ్గుతున్నదని బరువు సూచిక తక్కువ ఉన్న టైరు కొనడం అన్ని పొరపాట్లలోకి ప్రమాదకరమైనది.

ఫైర్‌స్టోన్ వివాదము

ఎస్‌యూవీ టైరు విషయంలో గాలి, బరువు, ఎండ ఎంత ముఖ్యమో అమెరికాలో 2000లో తెలిసివచ్చినది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలకు వేసిన కొన్ని ఫైర్‌స్టోన్ టైర్ల ట్రెడ్ పరుగులో ఉండగా ఊడిపోయి, వాహనాలు పల్టీలు కొట్టినవి. ఆ ఏడాది ఆగస్టులో 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచారు. అమెరికాలో ఈ ప్రమాదాలతో ముడిపడిన మరణాలు 271 అని లెక్క తేలినది. ఫిర్యాదులు ఎక్కువగా టెక్సాస్, ఫ్లోరిడా వంటి వేడి రాష్ట్రాల నుండి వచ్చినవి. ఎక్స్‌ప్లోరర్‌కు ఫోర్డ్ సూచించిన గాలి ఒత్తిడి 26 పీఎస్ఐ. టైరు సంస్థ తరువాత 30 ఉండాలన్నది. తప్పు టైరుదా, వాహనానిదా అన్న వాదనలో రెండు సంస్థల దాదాపు నూరేళ్ళ వ్యాపార బంధం 2001లో తెగిపోయినది.

గాలి తగ్గిన టైరు పక్కగోడ ప్రతి చుట్టుకు ఎక్కువగా వంగుతుంది. ఆ వంపు వేడిగా మారి లోపలి ఉక్కు బెల్టుల మధ్య అతుకును బలహీనపరుస్తుంది. వివాదం తరువాత వచ్చిన చట్టం ఫలితంగానే గాలి తగ్గితే హెచ్చరించే పరికరం అమెరికా వాహనాలలో తప్పనిసరి అయినది. 2008 నమూనాకు ముందరి పాత ఎస్‌యూవీలలో ఇది సాధారణంగా ఉండదు. అందువలన వాటి యజమానులు నెలకొకసారి, టైరు చల్లగా ఉన్నప్పుడు, గాలి చూసుకొనవలెను.

వయస్సు, అరుగుదల

పాత ఎస్‌యూవీలు తక్కువగా తిరుగుతాయి. ట్రెడ్ నిండుగా ఉన్నా రబ్బరు ఎండిపోయి ఉండవచ్చు. డిక్కీ కింద వేలాడే స్టెప్నీ అయితే మరీను. పక్కగోడపై డాట్ అక్షరాల వరుస చివరనున్న నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం తెలుపుతాయి: 2319 అంటే 2019లో 23వ వారము. మూడే అంకెలుంటే అది 2000కు ముందరిది, వెంటనే తీసివేయదగినది. పలు వాహన సంస్థలు ఆరేళ్ళకు మార్చమంటాయి. టైరు సంస్థలు చాలావరకు పదేళ్ళను గరిష్ఠ పరిమితిగా చెబుతాయి. కొత్తవి కొనేటప్పుడు కూడా దుకాణంలో ఈ అంకెలు చూడడం మంచిది.

అమెరికాలో అనేక రాష్ట్రాల చట్టపరమైన కనీస లోతు అంగుళంలో 32వ వంతులు రెండు, అనగా 1.6 మిల్లీమీటర్లు. వానలో పట్టు అంతకు చాలా ముందే తగ్గుతుంది కాబట్టి నాలుగు వంతుల వద్దనే మార్చడం ఉత్తమము.

నాలుగు చక్రాలకు ఎల్లప్పుడు శక్తి అందే వాహనాలలో నాలుగు టైర్లు ఒకేసారి మార్చాలి. చుట్టుకొలతలు తేడాగా ఉంటే గేర్ల వ్యవస్థపై ఒత్తిడి పడి, టైర్ల ధరకు మించిన మరమ్మతు తగులుతుంది. రెండు చక్రాలకే శక్తి అందే వాహనాలలో రెండే మార్చవలసి వస్తే కొత్తవి వెనుక వేయాలి. ముందు చక్రాలు జారితే వాహనం తిన్నగా సాగిపోతుంది, వెనుకవి జారితే గిర్రున తిరుగుతుంది. మొదటి దానిని సామాన్య డ్రైవరు సరిదిద్దుకోగలడు.