ఉప్పునీటి పైపులకు స్టీలు రెడ్యూసర్లు: ఎంపికలో, బిగింపులో జాగ్రత్తలు

నెల్లూరు తీరంలో ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు మండలాల్లోని రొయ్యల చెరువులకు ఉప్పునీరు తోడుకునే రైతులు పైపుల అతుకులపై ఓ కన్నేసి ఉంచాలి. ఉప్పునీటికి జీఐ ఫిట్టింగులు త్వరగా తుప్పు పడతాయి. పైపు సైజు తగ్గించే రెడ్యూసర్ రాత్రిపూట ఊడితే నీటి మార్పిడి ఆగి పంటకే ముప్పు వస్తుంది.

రకాలు

• రెడ్యూసింగ్ సాకెట్: రెండు వైపులా లోపలి మరలు ఉంటాయి. రెండు పైపుల చివరలను కలుపుతుంది.
• రెడ్యూసింగ్ బుష్: బయట పెద్ద మర, లోపల చిన్న మర. వాల్వు, టీలలో బిగించడానికి అనువు.
• రెడ్యూసింగ్ నిపుల్: రెండు వైపులా బయటి మరలు.

ఏ గ్రేడు కొనాలి?

మంచినీటి బోరుకు 304 గ్రేడు సరిపోతుంది. ఉప్పునీటికి 316 తీసుకోవాలి. ఇందులోని 2–3 శాతం మాలిబ్డినం గుంటలు పడే తుప్పును ఎక్కువగా తట్టుకుంటుంది. అయస్కాంతంతో ఈ రెండింటి తేడా తెలియదు. ఫిట్టింగుపై ముద్ర చూసి, బిల్లులో గ్రేడు రాయించుకోవాలి. ఉప్పునీరు నిలిచిపోతే 316 కూడా దెబ్బతింటుంది. పంట విరామంలో పైపులను మంచినీటితో కడగాలి. లైను అంతా పీవీసీ అయితే పీవీసీ రెడ్యూసరే చాలు, ఖర్చూ తక్కువ.

మరలు కలవాలి

మన దగ్గర ఎక్కువగా బీఎస్‌పీ మరలు వాడతారు. కొన్ని పరికరాలకు ఎన్‌పీటీ ఉంటుంది. 1 అంగుళం సైజులో బీఎస్‌పీకి అంగుళానికి 11 మరలు, ఎన్‌పీటీకి పదకొండున్నర. ఈ రెండూ కలిపితే కొన్ని చుట్లు తిరిగి పట్టేస్తాయి, తర్వాత కారతాయి.

బిగించేటప్పుడు

• మరలు శుభ్రం చేసి, బిగించే దిశలోనే టెఫ్లాన్ టేపు చుట్టాలి. టేపు లేకుండా స్టీలులో స్టీలు బిగిస్తే మరలు పట్టేసి ఊడిరావు.
• ముందు చేత్తో తిప్పి, తర్వాత పానాతో నెమ్మదిగా బిగించాలి.
• స్టీలు బయటి మరను పీవీసీ లోపలి మరలోకి బిగిస్తే పీవీసీ చీలవచ్చు. పీవీసీ బయటి మరను స్టీలు లోపలి మరలోకి బిగించడం మేలు.
• ఉప్పునీటిలో స్టీలుకు ఆనించి జీఐ వాడితే అతుకు దగ్గర జీఐ త్వరగా తినేస్తుంది.

ఎక్కడ తగ్గించకూడదు?

పంపు సక్షన్ వైపు సైజు తగ్గించవద్దు. 2 అంగుళాలను 1 అంగుళం చేస్తే నీటి దారి నాలుగో వంతుకు పడిపోతుంది. సక్షన్ అతుకు గాలి పీల్చినా పంపు నీరు ఎత్తదు. వారానికోసారి అతుకులు చూసి, ఒక రెడ్యూసర్, టేపు చెరువు దగ్గర అదనంగా ఉంచుకోవాలి.