నాడులు తెంపినా క్లోమానికి చేరిన కబురు

1902 జనవరి 16. లండన్ యూనివర్సిటీ కాలేజీ ప్రయోగశాల. మత్తుమందు ఇచ్చిన కుక్క చిన్నపేగులో ఒక ముక్కను రెండు కొసలా బిగించి కట్టి, దానికి పోయే నాడులన్నిటినీ తెంపేశారు విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్. ఇక ఆ ముక్కను మిగతా ఒంటితో కలిపి ఉంచినవి రక్తనాళాలే. ఈ ఇద్దరూ బావాబావమరుదులు. స్టార్లింగ్ తోబుట్టువును బేలిస్ పెళ్లాడారు.

జీర్ణక్రియ విషయంలో అప్పట్లో రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ మాటకు తిరుగు లేదు. కడుపులోంచి పుల్లటి ఆహారం చిన్నపేగులోకి దిగగానే క్లోమం తన రసాన్ని వదులుతుంది. ఆ కబురు నాడుల ద్వారానే అందుతుందన్నది ఆయన సిద్ధాంతం. అదే నిజమైతే, నాడులు తెగిన పేగులో ఆమ్లం పోసినప్పుడు క్లోమం ఊరుకోవాలి. ఊరుకోలేదు. రసం చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉంది.

ఆమ్లాన్ని నేరుగా రక్తంలోకి ఎక్కిస్తే క్లోమం కదలదని అప్పటికే తెలుసు. అంటే ఆమ్లం తగిలాక పేగు లోపలి పొరే ఏదో పదార్థాన్ని రక్తంలోకి వదులుతూ ఉండాలి. స్టార్లింగ్ వెంటనే ఆ పొరను గీకి తీశారు. ఇసుక, ఆమ్లం కలిపి నూరి, వడగట్టి, కుక్క సిరలోకి ఎక్కించారు. కాసేపటికే క్లోమం మరింత ధారాళంగా స్రవించింది. ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. పావ్లోవ్ తన ప్రయోగశాలలోనూ ఆ ప్రయోగం చేయించి చూసి, వాళ్లు చెప్పిందే నిజమని ఒప్పుకున్నారు. ఆ పెద్దమనసు నాకెంతో ఇష్టం. ఇలాంటి పదార్థాలన్నిటినీ స్టార్లింగ్ 1905లో హార్మోన్లు అన్నారు.

నిజానికి ఈ దారి 1849లోనే కనిపించింది. జర్మనీలోని గోటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ కోడిపుంజుల వృషణాలను కోసి తీసి, పొట్టలో మరోచోట అమర్చారు. పాత నాడులతో సంబంధం లేకపోయినా పుంజుల తురాయి పెరిగింది, కూత మారలేదు, పోట్లాటలూ తగ్గలేదు. కారణం రక్తంలోనే ఉందని ఆయన స్పష్టంగా రాశారు. అయినా శాస్త్రలోకం దాన్ని అర్ధశతాబ్దం పాటు పక్కన పెట్టేయడం బాధ కలిగిస్తుంది. ఇప్పుడు హార్మోన్ల సంగతి వేరు. ఒంట్లో వేడి పుట్టించే వేగాన్ని థైరాయిడ్ నిర్ణయిస్తుందనీ, భయపడినప్పుడు గుండె దడకు అడ్రినలిన్ కారణమనీ, రక్తంలోని చక్కెరను కణాల్లోకి పంపేది ఇన్సులిన్ అనీ ఈనాడు బడిపిల్లలకూ తెలుసు.

ఈ చరిత్ర చదివినప్పుడల్లా నా మనసు ఆ కుక్కల దగ్గరే ఆగుతుంది. 1903 ఫిబ్రవరిలో బేలిస్ అదే కాలేజీలో విద్యార్థుల ముందు ఒక గోధుమరంగు కుక్కపై ప్రయోగం చేసి చూపారు. దానికి సరిగ్గా మత్తు ఇవ్వలేదని, అక్కడే కూర్చుని చూసిన ఇద్దరు స్వీడన్ యువతులు ఆరోపించారు. వాళ్ల మాటను బహిరంగ సభలో చాటిన జంతుప్రయోగాల వ్యతిరేకి స్టీఫెన్ కోల్‌రిడ్జ్ మీద బేలిస్ పరువునష్టం దావా వేసి, 2,000 పౌండ్ల పరిహారంతో గెలిచారు. వివాదం అక్కడితో చల్లారలేదు. 1906లో బ్యాటర్‌సీలో ఆ కుక్కకు విగ్రహం పెట్టారు. మరుసటి ఏడు దాన్ని కూల్చాలని వైద్యవిద్యార్థులు వీధులకెక్కారు. 1910లో పోలీసు కాపలా మధ్య రాత్రివేళ దాన్ని తొలగించారు. 1985లో బ్యాటర్‌సీ పార్కులో మరొకటి వెలిసింది.

విగ్రహం పెట్టినవాళ్లు సరైన పనే చేశారని నా నమ్మకం. ఒక్క కుక్కనే తలచుకుని వాళ్లు ఆగలేదు. 1902లో ఆ కాలేజీలోనే కత్తికి గురైన 232 కుక్కల లెక్కనూ దాని దిమ్మెపై చెక్కించారు.