గోదావరిపై వసంతయాత్రలు

వార్షిక సంచికకు ఏదేని చరిత్రవిషయము వ్రాయుడని సంఘమువారు మమ్ము కోరినప్పుడు రాజుల యుద్ధములను గూర్చియు శాసనములను గూర్చియు వ్రాయుటకు మాకు మనసొప్పలేదు. అట్టి పని చేయగల పండితులు మనలో ననేకులు గలరు. చైత్రవైశాఖములు వచ్చినంతనే మన యిండ్లలో పెద్దలు తలచుకొనుచుండిన పడవప్రయాణములను గూర్చి కొంత వ్రాయ సంకల్పించితిమి. ఇదియు చరిత్రమే. పెండ్లిండ్లును చుట్టరికములును ఏ త్రోవను నడచినవో తెలియనిచో కుటుంబచరిత్రము సగమే తెలిసినట్లు.

గోదావరి మండలములో రోడ్లు తరువాత వచ్చినవి. మొదటి బాట నీరే. ధవళేశ్వరమునకు దిగువ నది గౌతమి యనియు వసిష్ఠ యనియు చీలి సముద్రమునకు బోవును. ఆ పాయల నడుమనున్న కోనసీమకు ఏ దిక్కునుండి పోవలెనన్నను పూర్వము పడవ యెక్కక తప్పెడిది కాదు. 1847లో ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరమువద్ద ఆనకట్టపని నారంభించి 1852లో ముగించెను. దానినుండి సాగిన కాలువలు పొలములకు నీరిచ్చుటకు మాత్రమే కాక పడవలు నడచుటకును త్రవ్వబడినవి. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో గలిపెను. కృష్ణ దాటినపిమ్మట కొమ్మమూరు కాలువమీదను, బకింగుహాము కాలువమీదను చెన్నపట్టణమువఱకు పూర్వము పోగలిగెడివారు.

నీటిమట్టము మాఱుచోట్ల లాకులు కట్టిరి. పిల్లలకు ప్రయాణమంతయు ఒకయెత్తు, లాకు ఒకయెత్తు. పడవ లోనికి జేరగనే వెనుకతలుపులు మూయుదురు. తూములు తెఱచి నీరు విడుతురు. గట్టుమీది మనుష్యుల పాదములు మాత్రమే కనబడుచుండగా పడవ మెల్లగా లేచును. పిదప మోకాళ్లు, పిదప ముఖములు కనబడును. మేమును చిన్నతనమున ఒకపర్యాయ మిట్లు లేచితిమి గాన ఇది విన్నమాట కాదు.

అయితే వసంతప్రయాణములకు ఒక చిక్కు గలదు. మరమ్మతుల నిమిత్తము ప్రతి వేసవియందును కాలువలు కట్టివేయుదురు. పెండ్లి ముహూర్తములు మెండుగా నుండునదియు ఆ దినములయందే. కావున పెండ్లివారికి రెండు పంచాంగములు కావలసివచ్చెడివి: సిద్ధాంతిగారి దొకటి, కాలువల కచేరీవారి దొకటి. రెండును కలిసినచో అదృష్టమే. కలియనిచో బండ్లమీద దుమ్ములో పోవుటయో, నదిపాయలో సన్నని నీటివెంట పడవను నెట్టించుకొని పోవుటయో శరణ్యము.

మా పితామహి కాపురమునకు వచ్చినది ఆ రెండవ విధముననే. కాలువ కట్టివేసిరి, గౌతమిపాయలో పడవ బయలుదేఱెను. ప్రొద్దుక్రుంకువేళకు అది ఇసుకతిప్ప నెక్కి కూర్చుండెను. మగవారు మొలలోతు నీట దిగి భుజములొడ్డినను కదలలేదు. గెడవేయువారిలో పెద్దవాడు తెల్లవాఱినగాని తీయుట కాదనియు, చీకటిలో లాగినచో అడుగుపలక పగులుననియు చెప్పెను. గృహప్రవేశమునకు పెట్టిన వేళ దాటిపోవుచున్నదని మా ముత్తాతగారు కేకలు వేసిరట. సారెపెట్టెలు ఇసుకమీదకు దించిరి. ప్రక్క లంకలోని రైతు పుచ్చకాయలు తెచ్చియిచ్చెను. ఆ రాత్రి అందఱును తిప్పమీదనే పరుండిరి. ఆమె ముసలితనమున మాతో ననుచుండెడిది: "పెండ్లిలో తల వంచుకొని కూర్చుంటిని నాయనా; మీ తాతగారి ముఖము సరిగా చూచినది ఆ యిసుకమీదనే." మా ముత్తాతగారి కోపము మాత్రము చాలదినములు తగ్గలేదట.

పెండ్లిండ్ల తరువాత చెప్పదగినది శ్రీరామనవమికి భద్రాచలము పోవుట. గోలకొండ నేలిన తానీషాకాలమున కంచర్ల గోపన్నగారు కట్టించిన ఆ యాలయమునకు రాజమహేంద్రవరమునుండి నదిమీదనే పోయెడివారు. పట్టిసము, పోలవరము దాటి, పాపికొండల నడుమ నెదురేగి, శబరి కలియు కూనవరము మీదుగా ప్రయాణము. పైరగాలి వీచినప్పుడు తెరచాప యెత్తుదురు. గాలి పడిపోయినచో మనుష్యులు తాడు కట్టి గట్టువెంట లాగుదురు. ఎన్నిదినములు పట్టునో ముందుగా చెప్పగలవాడు లేడు. కావుననే పప్పులు, ఊరగాయలు, అటుకులు నిండుగా కట్టుకొని పోయెడివారు. సాయంకాలము ఇసుకలో రాళ్లు పెట్టి వంట. కొండలనడుమ ప్రొద్దు త్వరగా వాలును. అచ్చట నది యిఱుకై లోతుగా నుండును. పిల్లలను పడవయంచునకు రానీయరు.

స్త్రీలకు ఈ యాత్ర విలువ వేఱు. ఏడాది పొడుగునను వంటయింటిలో నుండువారు ఆకాశముక్రింద నిద్రించుట ఈ కొలదిదినములయందే. మా యింటి ముసలమ్మలు కల్యాణపు ముత్యాల తలంబ్రాలను గూర్చి చెప్పినదానికంటె త్రోవను గూర్చి చెప్పినదే యెక్కువ. ఒకలోపము గూడ చెప్పవలసియున్నది. లంకలో ఎవరు పుచ్చకాయ లిచ్చిరో, ఏ యూర మజ్జిగ దొరకెనో వారికి జ్ఞాపకమున్నది గాని, ఎండలో తాడు లాగినవారి పేరు ఒక్కటియు మాకు చెప్పలేదు. మేమును అడుగలేదు.

భద్రాచలమునకు ఎగువ దుమ్ముగూడెమువద్ద ఆనకట్టయు, పడవల కాలువయు కట్టి నదిని మధ్యపరగణాలవఱకు బాటగా జేయవలెనని దొరలు తలచిరి. 1871లో ఆ ప్రయత్నము విడిచిరి. 1900లో రాజమహేంద్రవరమువద్ద రైలువంతెన తెఱవబడగా కొవ్వూరు రేవునకు రద్దీ తగ్గెను. బస్సులు వచ్చినపిమ్మట కాలువపడవలు ఇటుకలకును ధాన్యమునకును మిగిలినవి. 1973లో వచ్చిన 'అందాల రాముడు' చలనచిత్రము చూచి మా యింటి పెద్దలు కన్నీరు పెట్టుట మేమెఱుగుదుము; కథకు గాదు, పడవకు.

2019 సెప్టెంబరు 15న దేవీపట్నముచేరువ కచ్చులూరువద్ద విహారపు పడవ మునిగి నలువదిమందికిపైగా మరణించిరి. నాడు నది వఱదలో నున్నది. మన పెద్దలు కొండలనడుమకు పోయినది వసంతమున, నీరు తగ్గి ఇసుక బయటపడినప్పుడు. వారికి ఇసుకతిప్పయే శత్రువు. వఱదను వారు గట్టుమీదనుండి చూచెడివారు. పోలవరపు ఆనకట్టపనులవలన 2021లో ప్రవాహము స్పిల్వేవైపు మఱల్పబడినది. రాజమహేంద్రవరమున నెక్కి భద్రాచలమున దిగు పాతత్రోవ తెగినది. వారు వంటలు చేసికొన్న రేవులు కొన్ని నీటిపాలైనవి. ఆ గ్రామములవారు ఇండ్లు విడిచి దూరముగా కట్టిన కాలనీలకు పోయిరి. మనకు పోయినది ఒక జ్ఞాపకము. వారికి పోయినది ఊరు.

సభ్యమహాశయులకు మా ప్రార్థన యొకటి. మీ యిండ్లలో పాత శుభలేఖలు, జాబులు, పడవబాడుగ వ్రాసిన లెక్కపుస్తకములు ఉన్నచో వాని నకళ్లను సంఘకార్యాలయమునకు దయచేసి పంపుడు. ముసలివా రున్నచో ఈ వేసవిలోనే అడిగి వ్రాసికొనుడు. తాడు లాగినవారి పేర్లు, వారి యూళ్లు ఎవరికైన జ్ఞాపకమున్నచో వానిని ముందుగా పంపుడు.