పరుగుకి ముందు సర్టిఫికెట్

మా కొడకండ్ల వైపు ఆడపిల్ల పరుగెత్తితే "ఎటు ఉరుకుతున్నవే?" అని అడుగుతారు. మగపిల్లాడిని ఎవరూ అలా అడగరు. ఆడపిల్ల పరుగుకి ఒక కారణం వుండాలి. నీళ్లకో, బస్సుకో, వాన మొదలైతే దండెం మీది బట్టలకో పరుగెత్తొచ్చు. నాలుగు వందల మీటర్లు ప్రాణం పెట్టి ఉరికి, చివరికి బయల్దేరిన చోటికే వచ్చి ఆగే పరుగు ఎందుకో మా వూళ్లో ఏ అమ్మమ్మకీ నేను చెప్పి ఒప్పించలేను. మేం చదువుకునే రోజుల్లో ఆటల పీరియడ్ అంటే మగపిల్లలకి గ్రౌండు, మాకు వరండా. గ్రౌండు మూలన బాస్కెట్‌బాల్ స్తంభం ఒకటి వుండేది. దానికి రింగు వుండేది గాని వల వుండేది కాదు. దాని కింద ఒక ఆడపిల్ల బంతి పట్టుకోవడం నేను చూసిన గుర్తు లేదు.

మన దగ్గర క్రీడాకారిణి చరిత్ర పతకం వచ్చిన మర్నాడు మొదలవుతుంది. పతకానికి ముందున్న ఏళ్లని "పేదరికాన్ని జయించి" అనే ఒక్క వాక్యంలో దాటేస్తారు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివిన వాళ్లకి ఈ అలవాటు ఎంత పాతదో తెలుసు. మా పక్కనే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు తిరిగిందని అందరికీ తెలుసు. ఆ రోజుకి ముందు ఆమె బతుకులో ఏముందో అడిగిన వాళ్లు తక్కువ. క్రీడాకారిణుల విషయంలో మనం ఇంకా అక్కడే వున్నాం. నేను ఇక్కడ ఒకమ్మాయి తొలి ఏళ్లని చూడాలనుకుంటున్నాను. పాత వరంగల్ జిల్లాలోనే, పర్వతగిరి మండలం కల్లెడలో పుట్టిన జీవాంజి దీప్తి.

రికార్డుల్లో ఆమె పుట్టిన తేదీ 2003 సెప్టెంబరు 27. ఆ ఏడు దసరా అక్టోబరు 5న వచ్చింది కాబట్టి, వూళ్లో బతుకమ్మ ఆడుతున్న రోజులన్న మాట. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. పాప చిన్న తలతో, మామూలుగా లేని పెదవులతో, ముక్కుతో పుట్టింది. గ్రహణం వేళ పుట్టిందని తల్లి పత్రికలకి చెప్పింది. "పిచ్చి", "కోతి" అని వూళ్లో వాళ్లూ చుట్టాలూ పిలిచేవారని, అనాథాశ్రమంలో వదిలేయమని సలహాలిచ్చిన వాళ్లు కూడా వున్నారని ఆ తల్లే చెప్పింది.

ఈ గ్రహణం దగ్గర కాస్త ఆగాలి. 2003లో సూర్యగ్రహణాలు రెండే వచ్చాయి, మే 31న ఒకటి, నవంబరు 23న ఒకటి. సెప్టెంబరు 27న ఏ గ్రహణమూ లేదు. తల్లి మాట తప్పని చెప్పడానికి ఇది రాయడం లేదు. పల్లెల్లో పుట్టినరోజులు బడి రిజిస్టర్లో ఎలా పడతాయో మనకి తెలుసు. నేను చెప్పదలచుకున్నది మన భాష గురించి. చీలిన పెదవికి తెలుగులో వున్న పేరే గ్రహణం మొర్రి. గర్భంతో వున్నప్పుడు బయటికి వచ్చింది, కత్తిపీట ముట్టుకుంది, కూర తరిగింది అని ఆ పేరులోనే తల్లి మీద నేరం మోపి వుంది. వైద్యులు వంశపారంపర్యం, పోషకాహారం, వాడిన మందులు అంటూ అనేక కారణాలు చెప్తారు. ఆ పేరు మాత్రం ఒక్క కారణమే చెప్తుంది. అలాంటి పదాల మధ్య బతికే తల్లి తన బిడ్డ ముఖాన్ని గ్రహణంతో కాక మరి దేనితో వివరించుకుంటుంది?

వూళ్లో బడిలో ఆమె పరుగుని మొదట గమనించింది వ్యాయామ ఉపాధ్యాయుడు. తర్వాత ఒక పాఠశాల స్థాయి పోటీలో హైదరాబాదు కోచ్ నాగపురి రమేష్ కంట్లో పడింది. 2016లో ద్రోణాచార్య పురస్కారం పొందిన రమేష్, ఆ పిల్లని హైదరాబాదు పంపమంటే తల్లిదండ్రుల దగ్గర బస్సు ఛార్జీలకి కూడా డబ్బులు లేవని తర్వాత చెప్పాడు. ఎంతో ప్రతిభ ఆ బస్సు ఛార్జీ దగ్గరే ఆగిపోయి వుంటుంది. అందుకే మా వైపు ఆడపిల్లలకి మొదట దొరికే ఆట పరుగు. బాస్కెట్‌బాల్‌కి కోర్టు కావాలి, బంతి కావాలి, నీతోపాటు ఇళ్లల్లో ఒప్పుకున్న నలుగురు పిల్లలు కావాలి. పరుగుకి రోడ్డు చాలు, బూట్లు కూడా తర్వాతే.

మొదట్లో ఆమె ఏ వైకల్య విభాగమూ లేకుండా మామూలు పోటీల్లోనే పరుగెత్తింది. ఆమె మాటల్ని అర్థం చేసుకునే తీరు గమనించి, వైద్య పరీక్షలు చేయించమని సలహా ఇచ్చింది పుల్లెల గోపీచంద్ అని పత్రికలు రాశాయి. సికింద్రాబాదులో 1984 నుంచి వున్న జాతీయ మానసిక వికలాంగుల సంస్థలో (ఆ పేరు తర్వాత మారింది) పరీక్షలు జరిగాయి. మేధోపరమైన వైకల్యం వుందని తేలింది. అప్పటిదాకా "పిచ్చి" అని వూరు తిట్టిన దానికి ఇప్పుడు ముద్ర వేసిన కాగితం వచ్చింది. ఆ కాగితమే ఆమెని టి20 అనే విభాగంలోకి, అంటే పారా అథ్లెటిక్స్‌లో మేధోపరమైన వైకల్యం వున్న వారి విభాగంలోకి తీసుకెళ్లింది.

ఈ విభాగంలోకి రావడం తేలికేమీ కాదు. తెలివితేటల పరీక్షలో 75 లేదా అంతకన్నా తక్కువ రావాలి. రోజువారీ జీవితంలో ఆ ఇబ్బంది వుందని చూపాలి. చిన్నప్పటి నుంచీ వుందని రుజువులు కావాలి. ఆ పైన అంతర్జాతీయ సమాఖ్య మళ్లీ విడిగా పరీక్షిస్తుంది. ఇంత అనుమానం ఎందుకని వెతుక్కుంటూ పోతే, నేను అనుకోని చోట తేలాను. ఒక బాస్కెట్‌బాల్ కోర్టులో.

2000 అక్టోబరు. సిడ్నీ పారాలింపిక్స్. మేధోపరమైన వైకల్యం వున్న పురుషుల బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్ జట్టు ఫైనల్లో రష్యాని ఓడించి బంగారు పతకం గెలిచింది. కొద్ది వారాలకే ఆ జట్టులో ఆడిన కార్లోస్ రిబగోర్దా అనే జర్నలిస్టు, తనతో సహా పన్నెండు మందిలో పది మందికి ఏ వైకల్యమూ లేదని బయటపెట్టాడు. పరీక్షలు చేయకుండానే సర్టిఫికెట్లు తయారయ్యాయి. పతకాలు వెనక్కి తీసుకున్నారు. నిజంగా వైకల్యం వున్న మిగతా ఇద్దరి పతకాలూ పోయాయి. పదమూడేళ్ల తర్వాత, 2013లో, ఆ దేశపు సమాఖ్య మాజీ అధ్యక్షుడికి కోర్టు వేసిన జరిమానా 5,400 యూరోలు.

అసలు శిక్ష పడింది వేరే వాళ్లకి. నమ్మదగిన పరీక్షలు లేవన్న కారణంతో మేధోపరమైన వైకల్యం వున్న క్రీడాకారులందరినీ 2004 ఏథెన్స్, 2008 బీజింగ్ పారాలింపిక్స్‌లోకి రానివ్వలేదు. 2012 లండన్‌లో అథ్లెటిక్స్, ఈత, టేబుల్ టెన్నిస్‌లలో తలుపు మళ్లీ తెరిచారు. బాస్కెట్‌బాల్ అయితే తిరిగి రానే లేదు. ఆ జట్టులో ఒక్క స్త్రీ లేదు. మూసుకున్న తలుపు బయట మాత్రం ఎందరో స్త్రీలున్నారు. దీప్తి ఆ మూసివుంచిన ఏళ్లలోనే పుట్టింది. తలుపు తెరిచేసరికి ఇంకా తొమ్మిదేళ్లు నిండని పిల్ల. ఆ తలుపు మూసివున్న ఏళ్లలోనే పోటీల వయసుకి వచ్చి వుంటే, అప్పుడు ఎన్ని సెకన్లలో పరుగెత్తినా ఆమెకి పారాలింపిక్స్‌లో చోటు వుండేది కాదు.

బాస్కెట్‌బాల్ గురించి ఇంకొక మాట, ఎందుకంటే కాలేజీ అమ్మాయిల ఆటల చరిత్రలో అది మొదటి అధ్యాయాల్లో ఒకటి. ఆ ఆట 1891 డిసెంబరులో పుడితే, 1893 మార్చి 22న అమెరికాలో స్మిత్ కాలేజీ అమ్మాయిలు ఆడారు. మగవాళ్లని లోపలికి రానివ్వలేదు. ఆట నేర్పిన సెండా బెరెన్సన్ లిథువేనియా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబపు స్త్రీ. ఆవిడ కోర్టుని మూడు భాగాలు చేసింది. ఎవరి భాగం దాటి వాళ్లు వెళ్లకూడదు. బంతి లాక్కోకూడదు, మూడు సెకన్లకి మించి పట్టుకోకూడదు. అమ్మాయిల గుండె కోర్టంతా పరుగెత్తడం తట్టుకోదని ఆ రోజుల్లో నమ్మేవారు. ఆవిడ ఆ భయానికి లొంగిందా, లేక దాన్ని అడ్డం పెట్టుకుని అమ్మాయిల్ని కోర్టులోకి తెచ్చుకుందా? నేను రెండోదే అనుకుంటాను. కాని అమ్మాయిల కోసం గీసిన గీత తొందరగా చెరగదు. కోర్టుని సగం చేసి ఆడించే ఆరుగురి ఆట అయోవా రాష్ట్రంలో 1993 దాకా బతికే వుంది.

గీతల రూపం మారుతూ వచ్చింది. గుండె బలహీనం అన్న అనుమానం పోయి, ఈమె అసలు స్త్రీయేనా అన్న అనుమానం వచ్చింది. 1968 నుంచి ఒలింపిక్స్‌లో స్త్రీలకి మాత్రమే లింగనిర్ధారణ పరీక్షలు పెట్టారు. సిడ్నీకి ముందు, 1999లో ఆపేశారు. తర్వాత అవి వేరే పేరుతో తిరిగొచ్చాయి. 2014లో ఒడిశా అమ్మాయి ద్యుతీ చంద్‌ని హార్మోన్ల పేరుతో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకి వెళ్లనివ్వలేదు. ఆమె క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్తే 2015 జులైలో ఆ నిబంధనని నిలిపేశారు. ఆ రోజుల్లో ఆమె సాధన చేసింది హైదరాబాదులో, ఇదే రమేష్ దగ్గర. 2025 సెప్టెంబరు 1 నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ స్త్రీల విభాగంలో పోటీ చేసే వారందరికీ జన్యు పరీక్ష తప్పనిసరి చేసింది.

రమేష్ శిష్యురాళ్లలో మరో అమ్మాయి అగసర నందిని. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన అమ్మాయి, తండ్రి టీ అమ్మేవాడు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 2023 అక్టోబరు 1న హెప్టాథ్లాన్‌లో 5,712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. నాలుగో స్థానంలో వచ్చిన మన దేశపు క్రీడాకారిణికి 5,708. నాలుగు పాయింట్ల తేడా. ఆ ఓటమి బాధలో ఆమె, తన పతకం ఒక ట్రాన్స్‌జెండర్ స్త్రీకి పోయిందని సామాజిక మాధ్యమంలో రాసింది. తర్వాత ఆ మాట తీసేసి క్షమాపణ చెప్పింది. ఏ ఆధారమూ లేని మాట అది. ఇందులో రెండు గాయాలున్నాయి. ఒకటి నందినికి. రెండోది, ట్రాన్స్ స్త్రీ అన్న గుర్తింపుని తిట్టుగా వాడటం వల్ల ఆ స్త్రీలకి. మొదటి దాని గురించి కొందరైనా మాట్లాడారు. ఇరవై ఏళ్లకి పతకం గెలిచిన పిల్లకి ఆ సాయంత్రం ఎదురైన ప్రశ్న నీ ఎత్తు దూకుడు ఎంత, నీ జావెలిన్ ఎంత అన్నది కాలేదు. నందిని 2025 మే నెలలో గుమి ఆసియా ఛాంపియన్‌షిప్స్‌లో 5,941 పాయింట్లతో స్వర్ణం గెలిచింది.

అదే హాంగ్‌జౌలో, అదే అక్టోబరులో, ఆసియా పారా క్రీడల్లో దీప్తి 400 మీటర్లు 56.69 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం అందుకుంది. 2024 మే 20న జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా ఛాంపియన్‌షిప్స్‌లో 55.07 సెకన్లు. అమెరికన్ బ్రియానా క్లార్క్ పేరు మీదున్న 55.12 ప్రపంచ రికార్డు చెరిగిపోయింది. ఏడు నెలల్లో సెకనున్నరకి పైగా తగ్గడం ఈ దూరంలో చిన్న విషయం కాదు. నాలుగు వందల మీటర్లలో ఎవరి దారిలో వాళ్లు చివరిదాకా పరుగెత్తాలి. బయటి దారుల్లో వాళ్లు ముందు నుంచి బయల్దేరతారు, లోపలి వాళ్లు వెనక నుంచి. ఎవరు ముందున్నారో చివరి మలుపు దాకా తెలీదు. మొదటి సగంలోనే వేగమంతా ఖర్చు చేస్తే ఆఖరి వంద మీటర్లలో కాళ్లు రాళ్లవుతాయి. ఎంత దాచుకోవాలి, ఎప్పుడు వదలాలి అనే లెక్క పరుగెత్తుతూనే వేసుకోవాలి. మేధోపరమైన వైకల్యం సరిగ్గా ఈ లెక్కనే కష్టం చేస్తుంది. ఆ లెక్కని వందలసార్లు ట్రాక్ మీద పరుగెత్తి ఒంటికి నేర్పాలి. "పిచ్చి" అన్న వూరికి కనిపించని చదువు అది.

పారిస్ పారాలింపిక్స్‌లో 2024 సెప్టెంబరు 3న ఆమె 55.82తో మూడోది. ఉక్రెయిన్‌కి చెందిన యులియా షులియార్ 55.16తో మొదటి స్థానం, టర్కీ అమ్మాయి ఐసెల్ ఓండర్ 55.23తో రెండో స్థానం. ముందు రోజు హీట్స్‌లోనే ఓండర్ 54.96 పరుగెత్తి దీప్తి రికార్డుని తీసేసుకుంది. మన పత్రికలు ఈ సంగతి ఒక మూలన రాసి, కాంస్యం పైన మాత్రమే హెడ్డింగులు పెట్టాయి. రికార్డు మూడున్నర నెలల్లో చేజారడం, మర్నాడు అదే అమ్మాయి పక్కన నిలబడి పరుగెత్తడం ఇరవై ఏళ్ల పిల్లకి ఎలా వుంటుంది? ఆమె తొలి ఏళ్ల చరిత్ర రాసే వాళ్లు ఈ రెండు రోజుల గురించి ఆమెనే కూర్చోబెట్టి అడగాలి, తొందరపెట్టకుండా, ఆమె వేగంలో. మనం ఇప్పటిదాకా విన్నది ఎక్కువగా తల్లి మాట, కోచ్ మాట.

తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. అర్జున పురస్కారం వచ్చింది. వీటన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించింది ఇంకొకటి. ఇంట్లో పెద్దాయన చనిపోయినప్పుడు ఆ కుటుంబం వున్న కాస్త భూమీ అమ్ముకుంది. ఆసియా పారా క్రీడల నగదు బహుమతితో మళ్లీ భూమి కొన్నారు. పాలకుర్తి పక్కన పుట్టిన దాన్ని కాబట్టి కావచ్చు, ఆడమనిషి చెమటతో భూమి వచ్చిందంటే నా చూపు ముందు పట్టా మీదికి పోతుంది, అందులో ఎవరి పేరుందా అని.

2025లో ప్రపంచ పారా ఛాంపియన్‌షిప్స్ ఢిల్లీలో జరిగాయి. ఓండర్ మొదట, దీప్తి రెండోది. రజతం అందుకున్న ఆ సెప్టెంబరు నెలలోనే దీప్తికి ఇరవై రెండేళ్లు నిండాయి.