బొర్రా గుహలు: కథ, సాక్ష్యము

రాత్రి భోజనములైన పిదప ఇంటిల్లిపాదియు టెలివిజను ముందు కూర్చుందురు. తెరపై పాడుపడిన కోటయో, చీకటి గుహయో కన్పించును. "దీని వెనుక దాగిన నిజమేమి?" అని వ్యాఖ్యాత గంభీరముగా అడుగును. నిద్రకు తూగుచున్న పిల్లవాడు సైతము కన్నులు నులుముకొని చూడసాగును. నిజముగా జరిగిన వింతలను చూపు ఈ కార్యక్రమములకు ఇంత ఆకర్షణ ఎక్కడిది? అరకులోయకు పోవు దారిలో అనంతగిరి కొండలయందున్న బొర్రా గుహల చరిత్రను పరిశీలించినచో, ఈ ప్రశ్నకు మంచి సమాధానము దొరకును.

తెలియనిదానిపై మక్కువ

ఇట్టి కార్యక్రమములు నేడు పుట్టినవి కావు. 1980లో ప్రసిద్ధ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ ప్రపంచములోని వింతలనుగూర్చి 13 భాగముల కార్యక్రమమును బ్రిటిషు టెలివిజనులో సమర్పించెను. 1987లో అమెరికాలో ‘అన్‌సాల్వ్‌డ్ మిస్టరీస్’ ప్రారంభమైనది. తేలని నేరములను, తప్పిపోయినవారి గాథలను చూపి, ఆచూకీ తెలిసినవారు తెలుపవలసినదని ప్రేక్షకులనే అందు కోరిరి. అట్లందిన సమాచారము వలన కొన్ని చిక్కులు విడిపోయినవి కూడ. 2020లో ఆ కార్యక్రమము నెట్‌ఫ్లిక్స్ ద్వారా మరల వెలువడినది.

కుతూహలమునకు 1994లో జార్జ్ లోవెన్‌స్టీన్ అను అమెరికను పండితుడు ఒక వివరణ నిచ్చెను. మనకు తెలిసినదానికిని, తెలిసికొనగోరుదానికిని నడుమ వెలితి కన్పించినపుడు మనసు కుదుటపడదు. ఆ వెలితిని పూరించుకొను ఆరాటమే కుతూహలము. పొడుపుకథ వేసి విప్పకుండ లేచిపోయిన తాతను మనుమలు వదలి పెట్టుదురా? ఇదియు అట్టిదే.

క్లార్క్ ఈ వింతలను మూడు తరగతులుగా విభజించెను. ఒకప్పుడు అంతుపట్టక, నేడు పూర్తిగా తెలిసినవి మొదటి తరగతి. కొంత వివరణ యున్నను ఇంకను తేలనివి రెండవ తరగతి. ఏ వివరణయు కుదరనివి మూడవ తరగతి. మొదటి రెండు తరగతులకును బొర్రా గుహలలో ఉదాహరణములు కలవు.

ఆవు కథ, నీటి పని

ఆ ప్రాంతమున ఒక కథ చెప్పుకొందురు. గుహ పైకప్పులోని రంధ్రము గుండ ఒక ఆవు లోపలికి జారిపడినదట. వెదకుచు వచ్చిన పసులకాపరికి గుహలో ఆవు క్షేమముగా కన్పించినదట. శివలింగమువంటి రాయియు కన్పించినదట. ఆ లింగమునకు నేటికిని పూజలు జరుగుచున్నవి. ఈ కొండలలో పుట్టి భీమునిపట్టణము వద్ద సముద్రమున కలియు నదికి గోస్తని యను పేరు ఉండుట ఈ కథకు మరింత వన్నె తెచ్చినది. గోస్తని యనగా ఆవు పొదుగు.

లింగాకారమైన ఆ రాయి ఎట్లేర్పడినది? ఇది మొదటి తరగతి రహస్యము. వాన నీరు గాలిలోను, మట్టిలోను ఉన్న కార్బన్ డయాక్సైడును పీల్చుకొని కొంచెము ఆమ్ల గుణము పొందును. ఆ నీరు సున్నపురాతి పగుళ్ళలోనికి దిగి, రాతిని కొద్దికొద్దిగా కరగించుకొని పోవును. వేల సంవత్సరములకు రాతిలో గుహ ఏర్పడును. గుహ పైకప్పునుండి నీటిబొట్టు వ్రేలాడునపుడు అందలి కార్బన్ డయాక్సైడు వెలుపలికి పోవును; కరగియున్న కాల్సైటు పేరుకొనును. పైనుండి క్రిందికి వ్రేలాడు రాతి ఊడలును, నేలనుండి పైకి లేచు రాతి స్తంభములును ఇట్లే పెరుగును. ఏటికి మిల్లీమీటరులో పదవ వంతు చొప్పున పెరిగినచో, ఒక మీటరు పెరుగుటకు 10,000 ఏండ్లు పట్టును. ఈ లెక్క తెలిసినందువలన ఆ రాయి ముందు మన ఆశ్చర్యము తగ్గునా? తగ్గదు సరికదా, ఇనుమడించును.

1807 నాటి చిక్కు

ఇక రెండవ తరగతి రహస్యము. ఈ గుహలను 1807లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ కనుగొనెనని పర్యాటక పుస్తకములు వ్రాయుచున్నవి. ఈ ఒక్క వాక్యమును పరీక్షింతము. ఆ సంస్థ 1851లో స్థాపింపబడినది. ఆ సంస్థలో పనిచేసిన విలియం కింగ్ 1887 నుండి 1894 వరకు దానికి అధిపతిగా నుండెను. తెలుగు దేశమున ఇల్లందు ప్రాంతపు బొగ్గును 1870 దశకపు తొలినాళ్ళలో వెలుగులోనికి తెచ్చినది ఈయనయే. అచ్చటి ఒక బొగ్గు పొరకు ‘కింగ్ సీమ్’ అను పేరు అందువలననే వచ్చినది. అట్టివాడు, సంస్థ పుట్టుటకు 44 ఏండ్లు ముందు, ఆ సంస్థ ఉద్యోగిగా గుహను కనుగొనుట ఎట్లు సాధ్యము? సంవత్సరమైనను తప్పు కావలెను, లేక పేరైనను తప్పు కావలెను. ఒకరు వ్రాసినదానిని మరియొకరు చూచి వ్రాయుటచే ఈ పొరపాటు స్థిరపడినది. కూడికలు, తీసివేతలు వచ్చిన విద్యార్థి ఎవడైనను దీనిని పట్టుకొనగలడు.

‘కనుగొనుట’ యనగా నేమి?

సంవత్సరము సరిపడినను ఇంకొక ప్రశ్న మిగులును. పసులకాపరి కథ నిజమైనను కాకున్నను, అది ఒక సంగతిని చెప్పుచున్నది: పశువులను మేపుకొను స్థానికులకు ఈ గుహ తెలియును. కొండదొరలు, పోర్జాలు మున్నగు గిరిజనులు ఈ కొండలలో తరతరములుగా కాపురమున్నారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిశోధకులకు ఇచ్చట ప్రాచీన శిలాయుగపు రాతి పనిముట్లు దొరకినవి. కావున దొర వచ్చి ‘కనుగొనెను’ అనుట కన్న, ‘శాస్త్ర గ్రంథములకు ఎక్కించెను’ అనుట న్యాయము.

ఇది మాటల తగవు మాత్రమే కాదు. బొర్రా పరిసర గ్రామములలోని కాల్సైటు గనుల కౌళ్ళపై ‘సమత’ అను స్వచ్ఛంద సంస్థ న్యాయస్థానముల కెక్కినది. షెడ్యూల్డు ప్రాంతములలో ప్రభుత్వ భూములను సైతము గిరిజనేతరులకు గనులకై కౌలుకిచ్చుట చెల్లదని సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పెను. ఆ తీర్పునకు ఆధారము చట్టమే గాని గుహ చరిత్ర కాదు. అయినను ఒక కొండను ఎవరు ఎరుగుదురు, అది ఎవరికి జీవనాధారము అను ప్రశ్న రెండింటను ఒక్కటియే. చరిత్ర పుస్తకము గిరిజనుని మరచినచో, ఆ కొండపై అతని హక్కును మరచుట సులభమగును.

టెలివిజను రహస్యము మనలను లేపి కూర్చుండబెట్టును, అది మంచిదే. కాని కార్యక్రమము ముగియుటతో పని ముగియరాదు. భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ‘రికార్డ్స్’ అను పత్రికను 1868 నుండి ప్రకటించుచు వచ్చినది. గుహలను చూడబోవు విద్యార్థులు అట్టి సంపుటములలో కింగ్ వ్రాతలను వెదకవచ్చును. కొండ గ్రామముల పెద్దలను అడిగి వారి కథలను వ్రాసికొనవచ్చును. పర్యాటక పుస్తకమున 1807 అని కన్పించినపుడు, ఉపాధ్యాయులు తరగతిలో ఒక్క ప్రశ్న వేసిన చాలును: "ఇది మనకెట్లు తెలిసినది?"